కంటికి కనపడని వెలుగును పట్టిన జగదీశ్ చంద్ర బోస్

జగదీశ్ చంద్ర బోస్ అనగానే మనలో చాలామందికి మొక్కలే గుర్తుకు వస్తాయి. మొక్కలకు స్పందన ఉందని చూపిన శాస్త్రవేత్త అని ఏడో తరగతి నుంచీ చదువుకుంటూ వచ్చాము. విశాఖలో పి.జి.లో చేరి యాంటెన్నాల పాఠం మొదలుపెట్టాక కాని, మొక్కల కంటే ముందు ఆయన చేసిన పని ఎంత గొప్పదో మాకు తెలియలేదు. మన హాస్టల్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆ సంగతి తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

బోస్ 1858 నవంబరు 30న, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలో ఉన్నవాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపటం గౌరవంగా భావించే రోజులవి. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. ముందు సొంత భాష రావాలి, సొంత మనుషులు తెలియాలి అన్నది ఆయన పట్టుదల. ఆ బడిలో జగదీశ్‌కు ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే బంట్రోతు కొడుకు, మరో పక్క ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. నీళ్ళలో బ్రతికే జీవుల గురించి, పక్షుల గురించి ఆ పిల్లలు చెప్పిన కబుర్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి కలిగించాయని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. బడి వదిలాక ముగ్గురూ కలిసి ఇంటికి వస్తే తల్లి ఏ తేడా చూపకుండా అందరికీ అన్నం పెట్టేది. కులాల గీతలు గట్టిగా ఉన్న ఆ కాలంలో ఇలా జరగటం చిన్న విషయం కాదు. వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చి ఒకే వరుసలో కూర్చుని భోంచేసే మనకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

తరువాత కలకత్తాలో హేర్ స్కూలు, సెయింట్ జేవియర్స్‌లో చదువు సాగింది. అక్కడ ఫాదర్ లాఫోంట్ ప్రయోగాలు చేసి చూపిస్తూ భౌతికశాస్త్రం చెప్పేవారు. బోస్ 1880లో వైద్యం చదవటానికి ఇంగ్లండు వెళ్ళారు కాని ఆరోగ్యం సహకరించలేదు. అది మాని కేంబ్రిడ్జిలో విజ్ఞానశాస్త్రం చదివారు. ప్రసిద్ధ శాస్త్రవేత్త లార్డ్ రేలీ అక్కడ ఆయనకు గురువు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా తాత్కాలిక నియామకం దొరికింది. అయితే అక్కడ ఒకే పనికి రెండు జీతాలు ఉండేవి. యూరోపియన్‌కు ఇచ్చేదాంట్లో మూడింట రెండు వంతులే భారతీయుడికి. తాత్కాలికం కనుక బోస్‌కు అందులోనూ సగమే. ఆయన గొడవ చేయలేదు, ఉద్యోగం వదలలేదు. జీతం మాత్రం ముట్టలేదు. మూడేళ్ళపాటు పాఠాలు చెబుతూ, జీతం తీసుకోకుండా గడిపారు. అప్పటికి తండ్రి అప్పుల్లో ఉన్నారు, ఇల్లు గడవటం కష్టంగా ఉంది. అయినా పట్టు సడలలేదు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి ఉద్యోగం ఖాయం చేసి, మూడేళ్ళ పూర్తి జీతం ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పు తీర్చటానికి పోయింది.

1887లో అబలా దాస్‌తో వివాహం జరిగింది. ఆడపిల్ల అని కలకత్తా వైద్య కళాశాలలో చోటు దొరక్కపోతే స్కాలర్‌షిప్‌తో మద్రాసు వచ్చి వైద్యం చదివిన ధైర్యశాలి ఆమె. ఆరోగ్యం చెడి ఆ చదువు ఆగిపోయినా, తరువాత జీవితమంతా స్త్రీ విద్య కోసం, వితంతువుల కోసం పనిచేశారు.

ఇక అసలు సంగతికి వద్దాం. కంటికి కనపడని విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని జర్మనీలో హెర్ట్జ్ 1887, 1888లలో ప్రయోగం చేసి నిరూపించారు. బోస్ 1894లో తన 36వ పుట్టినరోజున, ఇక మీదట కొత్త జ్ఞానం కోసమే పని చేస్తానని నిశ్చయించుకుని ఆ తరంగాల మీద పడ్డారు. కాలేజీలో పరిశోధనశాల లేదు. స్నానాల గదిని ఆనుకుని ఉన్న 24 చదరపు అడుగుల మూలే ఆయన ప్రయోగశాల. చదువు లేని ఒక రేకుల పనివాడికి నేర్పి అతని చేతే పరికరాలు చేయించుకున్నారు. పొడవైన తరంగాలకు పెద్ద పరికరాలు, పెద్ద గదులు కావాలి. బోస్ 5 మిల్లీమీటర్ల పొట్టి తరంగాలను పుట్టించారు. దాంతో మొత్తం పరికరం ఒక బల్ల మీద సరిపోయింది. తరంగాలను ఒక దిక్కుకు మళ్ళించటానికి, అవతల పోగుచేయటానికి ఆయన వాడిన లోహపు గొట్టాలు, గరాటులే నేటి వేవ్‌గైడ్‌లకు, హార్న్ యాంటెన్నాలకు పూర్వ రూపాలు. 1895లో కలకత్తా టౌన్ హాలులో గోడలకు ఇవతల తరంగం పుట్టించి అవతల గంట మోగించారు, తుపాకీ మందు పేల్చారు.

యాంటెన్నా గురించి తెలుసుకోవలసిన మూడు ముఖ్య సంగతులు ఆయన బల్ల మీదే ఉన్నాయి. వాటిని విశాఖలో మనకు కనిపించే వస్తువులతో పోల్చి చెప్తాము.

మొదటిది కొలత. యాంటెన్నా కడ్డీ పొడవు తరంగం పొడవును బట్టి ఉంటుంది. మన పోర్టుకు వచ్చే ఓడలు తమ పేరు, స్థానం, వేగం పక్క ఓడలకు తెలియజేయటానికి 162 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతాలు పంపుతాయి. ఆ తరంగం పొడవు సుమారు 185 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 46 సెంటీమీటర్ల కడ్డీ దానికి తగును. విమానాలు తమ ఉనికి చెప్పేది 1090 మెగాహెర్ట్జ్ మీద. అక్కడ తరంగం 27.5 సెంటీమీటర్లు, కడ్డీ దాదాపు 7 సెంటీమీటర్లు. ఓడ ఏరియల్ తెచ్చి విమానానికి పెడితే పెద్దది కనుక బాగా పట్టుతుందని అనుకోకూడదు. కొలత కుదరకపోతే ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం తక్కువే.

రెండోది దిశ. బోస్ బ్రాడ్‌షా అనే రైల్వే టైంటేబుల్ పుస్తకం తీసుకుని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. పుస్తకాన్ని ఒక వైపు పెడితే తరంగం దూరిపోయింది, తొంభై డిగ్రీలు తిప్పితే ఆగిపోయింది. మెలిపెట్టిన జనపనార కట్టలతోనూ ప్రయోగాలు చేశారు. తరంగానికి నిలువు, అడ్డం అనే భేదం ఉందని దీనివల్ల తెలుస్తుంది. ఒకప్పుడు మన ఇళ్ళ కప్పుల మీద దూరదర్శన్ యాంటెన్నా కడ్డీలు అడ్డంగా ఉండేవి. ఓడల, విమానాల సంకేతాలు నిలువుగా వస్తాయి కనుక వాటి కడ్డీలు నిలువుగానే నిలబెట్టాలి. చోటు చాలలేదని పడుకోబెడితే సంకేతం చాలా భాగం పోతుంది.

మూడోది నీడ. లోహం తరంగాన్ని ఆపుతుంది. ఇద్దరో నలుగురో కూర్చునే చిన్న విమానంలో పక్క విమానాలను గుర్తించే రిసీవరు పెట్టేటప్పుడు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. యాంటెన్నా పొట్ట కింద బిగిస్తే పైనున్న విమానం దానికి కనపడదు. వీపు మీద బిగిస్తే కిందిది కనపడదు. వీలుంటే రెండు చోట్లా పెట్టటం మేలు. చక్రాల కాళ్ళకు, ఇంజనుకు దూరంగా ఉండాలి. సొంత విమానం ప్రసారం చేసే యాంటెన్నాకు దగ్గరగా ఉంటే ఆ హోరులో దూరపు గొంతు వినపడదు. పొట్టి కడ్డీకి అడుగున లోహపు పళ్ళెం వంటిది కావాలి. అల్యూమినియం విమానానికి దాని ఒళ్ళే పళ్ళెం. గుడ్డ విమానానికైనా ఫైబర్ గ్లాసు విమానానికైనా లోపల రేకు ముక్క అమర్చాలి, కడ్డీ చుట్టూ కనీసం ఏడేసి సెంటీమీటర్లు. కార్బన్ ఫైబర్ ఒళ్ళయితే తరంగాన్ని ఆపుతుంది కనుక యాంటెన్నా బయటే ఉండాలి. సన్న కేబుల్ అయిదారు మీటర్లు సాగితే సంకేతం బలం దాదాపు సగమవుతుంది, అందుకని పొట్టిగా ఉంచాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, స్థానం చెప్పే ఏర్పాటు లేని పాత విమానం ఎంత దూరంలో ఉందో రిసీవరు సంకేతం బలాన్ని బట్టే అంచనా వేస్తుంది. నీడలో పడి సంకేతం బలహీనమైతే దగ్గరి విమానం దూరంగా ఉన్నట్టు చూపుతుంది. పైలట్ నిశ్చింతగా ఉంటాడు. అసలు చూపకపోవటం కంటే అది ప్రమాదం. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తరువాతే ఢీకొనకుండా హెచ్చరించే పరికరాన్ని మన దేశం పెద్ద విమానాలకు తప్పనిసరి చేసింది. నౌకాదళ విమానాలు, ప్రయాణికుల విమానాలు దశాబ్దాలపాటు ఒకే రన్‌వే వాడుకున్న విశాఖ వాళ్ళకు, ఆకాశంలో ఒకరికొకరు కనపడటం ఎంత అవసరమో తెలిసినదే.

మళ్ళీ బోస్ దగ్గరకు వద్దాం. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. 1897లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగాలు చూపించారు. 1899లో ఇనుము, పాదరసంతో చేసిన సున్నితమైన గ్రాహకాన్ని వివరించారు. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం దాటించి సంకేతం అందుకున్నప్పుడు వాడిన గ్రాహకం ఆ రకానిదేనని తరువాతి పరిశోధకులు చూపారు. పేరు, డబ్బు మార్కోనీకి వెళ్ళాయి. జ్ఞానం అమ్ముకునే సరుకు కాదన్నది బోస్ నమ్మకం. స్నేహితుల ఒత్తిడితో తీసుకున్న అమెరికా పేటెంటు 1904లో వచ్చినా దాని మీద డబ్బు చేసుకోలేదు. ఆ తరువాత మొక్కల వైపు మళ్ళారు. పెరుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు. ఆయన చెప్పిన కొన్నింటిని ఆనాటి శరీరశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, కొన్నింటి మీద చర్చ చాలాకాలం సాగింది. అయినా వెనక్కు తగ్గలేదు. 1917 నవంబరు 30న తన పుట్టినరోజున కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరం స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1937 నవంబరు 23న గిరిధిలో కన్నుమూశారు. ఆయన మిల్లీమీటరు తరంగాల ప్రయోగాలను 2012లో ప్రపంచ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం ఐ.ఇ.ఇ.ఇ. ఒక మైలురాయిగా గుర్తించింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! తెలుగు మీడియంలో చదివామని, ల్యాబ్ లేదని, ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరని మనం వెనకడుగు వేస్తుంటాము. సొంత భాష బడిలో జాలరి కొడుకు పక్కన కూర్చున్న పిల్లవాడే, స్నానాల గది పక్క మూలలో, రేకుల పనివాడి సాయంతో ప్రపంచానికి దారి చూపాడు. ఆ రేకుల పనివాడి పేరు చాలామందికి తెలియదు కాని, అతని చేయి లేకుండా ఆ ప్రయోగాలు లేవు. మీలో లెక్కలు, ఫిజిక్సుతో ఇంటర్ చదివేవాళ్ళు ఇంజనీరింగు ఒక్కటే దారి అనుకోవద్దు. విమానాల రేడియోలు, యాంటెన్నాలు బిగించి పరీక్షించే పనికి డి.జి.సి.ఎ. పరీక్షలు పెట్టి మెయింటెనెన్స్ ఇంజనీరు లైసెన్సు ఇస్తుంది. విమానానికి ఒక్క రంధ్రం వేయాలన్నా అటువంటివాళ్ళ సంతకం కావాలి. ఏడు సెంటీమీటర్ల కడ్డీని సరైన చోట నిలువుగా నిలబెట్టే ఆ చేతులు రేపు మన హాస్టల్ పిల్లలవి కావాలని మా కోరిక.