కళ్ళ డాక్టరు చూసిన నిజం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. సర్వీసు అనుభవాలు రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, నేను నాకిష్టమైన డిటెక్టివ్ నవలల సంగతి ఎత్తుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకొక నవల తెచ్చుకునేవాడిని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు నాకు ఇంట్లో మనుషుల్లాంటి వారు. ఇప్పుడు శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు చదవలేకపోతున్నాను. మా మనవరాలు సెల్‌ఫోనులో ఆడియో పుస్తకాలు పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం పడక కుర్చీలో వాలి షెర్లాక్ హోమ్స్ కథలు వింటున్నాను. ఆ కథలు రాసిన సర్ ఆర్థర్ కానన్ డాయిల్ జీవితం తెలుసుకున్నాక, హోమ్స్ కన్నా ఆయనే గొప్పవాడనిపించింది.

డాయిల్ 1859 మే 22న స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి తాగుడుకు బానిస. ఇల్లు నెట్టుకొచ్చింది తల్లి. కథల మీద ఇష్టం కలిగించిందీ ఆమే. ఎడిన్‌బరోలో వైద్యం చదివేటప్పుడు డాక్టర్ జోసెఫ్ బెల్ అనే గురువు, రోగి నోరు విప్పకముందే అతని నడక, చేతులు చూసి వృత్తి ఏమిటో చెప్పేవాడు. హోమ్స్ పాత్రకు మూలం ఆయనే. మొదటి హోమ్స్ నవల 1887లో అచ్చయింది. దాని హక్కులకు డాయిల్‌కు ముట్టింది 25 పౌన్లు! 1891లో లండనులో కళ్ళ డాక్టరుగా బోర్డు పెడితే రోగులు రాలేదు. ఆ ఖాళీలో రాసిన కథలతోనే లోకమంతా పేరొచ్చింది. మొత్తం మీద 4 నవలలు, 56 కథలు హోమ్స్ మీద రాశాడు.

ఆ కళ్ళ వైద్యం వృథా పోలేదు. దాని వల్ల ఒక అమాయకుడికి మేలు జరిగింది.

ఇంగ్లండులో గ్రేట్ వైర్లీ అనే ఊళ్ళో జార్జ్ ఎడల్జీ అనే యువ న్యాయవాది ఉండేవాడు. తండ్రి బొంబాయి నుంచి వెళ్ళి క్రైస్తవ మతగురువైన పార్సీ. తల్లి ఇంగ్లీషు ఆవిడ. 1903లో ఆ ఊరి చుట్టుపక్కల ఎవరో రాత్రుళ్ళు గుర్రాలనూ పశువులనూ కోసి చంపుతుంటే పోలీసులు జార్జ్‌ను పట్టుకున్నారు. ఆ రాత్రి కొడుకు నా గదిలోనే పడుకున్నాడని తండ్రి సాక్ష్యమిచ్చినా కోర్టు వినలేదు. ఏడేళ్ళ కఠిన శిక్ష పడింది. మూడేళ్ళ తర్వాత 1906లో, నిర్దోషి అని తేల్చకుండానే వదిలిపెట్టారు. వకీలు వృత్తి పోయింది.

అప్పటికి డాయిల్ భార్య పోయి కొద్ది నెలలే అయింది. పని మీద మనసు పోక దిగులుగా ఉన్నాడు. జార్జ్ ఉత్తరం రాస్తే, లండనులో ఒక హోటల్లో కలుద్దామన్నాడు. డాయిల్ వెళ్ళేసరికి కొంచెం ఆలస్యమైంది. జార్జ్ పత్రిక చదువుకుంటున్నాడు. పత్రికను మొహానికి బాగా దగ్గరగా, కొంచెం పక్కకు పట్టుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి పలకరించకముందే డాయిల్‌కు అర్థమైంది. ఇంత చూపు తక్కువ మనిషి, చీకట్లో రైలు పట్టాలు, కంచెలు దాటి పొలంలోకి వెళ్ళి గుర్రాన్ని వెతికి పొడవడం జరిగే పని కాదు.

1907 జనవరిలో పత్రికలో వ్యాసాలు రాశాడు. ఆ ఏడాదే జార్జ్‌కు క్షమాభిక్ష ఇచ్చారు. నష్టపరిహారం మాత్రం పైసా ఇవ్వలేదు. అయినా వకీలు వృత్తి తిరిగి దక్కింది. క్రిమినల్ అప్పీలు కోర్టు 1907లో ఏర్పడడానికి ఈ కేసు కూడా ఒక కారణం.

తర్వాత ఆస్కార్ స్లేటర్ కేసు. 1908లో గ్లాస్గోలో ఒక వృద్ధురాలి హత్య జరిగింది. ఆమె ఇంట్లో పోయిన నగ స్లేటర్ తాకట్టు పెట్టాడని అనుమానించారు. తీరా చూస్తే అతను తాకట్టు పెట్టింది వేరే నగ, అదీ హత్యకు ముందే! అయినా ఉరిశిక్ష వేసి, తర్వాత యావజ్జీవంగా మార్చారు. డాయిల్ 1912లో పుస్తకం రాశాడు. ఫలితం లేకపోయినా వదల్లేదు. 1927లో స్లేటర్ విడుదలయ్యాడు, 1928లో శిక్ష రద్దయింది. అర్జీలు పెట్టి జవాబు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడడం మనకు కొత్తకాదు కనుక, ఆ పదహారేళ్ళ ఓర్పు విలువ మనకు తెలుస్తుంది.

డాయిల్‌లోనూ లోపం లేకపోలేదు. ఆఖరి రోజుల్లో ఆత్మలతో మాట్లాడడాన్ని గట్టిగా నమ్మాడు. ఇద్దరు ఆడపిల్లలు తీసిన దేవకన్యల బొమ్మలు నిజమనుకున్నాడు. 1930 జూలై 7న కన్నుమూశాడు.

ఇదంతా వింటుంటే నాకొక పాత సంగతి గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. మా ఆఫీసులో ఒకసారి రశీదు పుస్తకం కనిపించలేదు. అనుమానం ఒక అటెండరు మీదికి పోయింది. సాక్ష్యం ఏమీ లేదు, అతనికి అప్పులున్నాయన్న మాట తప్ప. మెమో డ్రాఫ్టు రాసింది నేనే. మూడు వారాలకు ఆ పుస్తకం ఆడిట్ కాగితాల కట్టలో దొరికింది. మెమో వెనక్కి తీసుకున్నారు గానీ, అతనికి తప్పయిందని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వందల డిటెక్టివ్ నవలలు చదివినవాడిని, రోజూ నాకు టీ అందించే మనిషి మొహంలోకి ఒక్కసారి చూడలేదు. ఇప్పుడు చెబుదామంటే అతను లేడు.

చూపు తగ్గిన మిత్రులు బెంగపడకండి. మనవలను అడిగితే ఫోనులో కథలు పెట్టి ఇస్తారు. హాయిగా వినండి. ఎవరికైనా చెప్పాల్సిన మాట మిగిలి ఉంటే, వాయిదా వేయకుండా ఒక కార్డు ముక్క రాయండి.