తండయారువీడు నుండి కాశీకి

1830వ సంవత్సరం మే నెల 18వ తేదీ, మంగళవారం రాత్రి. చెన్నపట్టణంలోని తండయారువీడులో ఉన్న తన ఇల్లు విడిచి ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి ప్రయాణమయ్యాడు. కుటుంబమూ, పరిచారకులూ, పల్లకీలు మోసే బోయీలూ కలిసి వెంట సుమారు నూరుగురు ఉన్నారు. నాటి మజిలీ మాధవరం. అది పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్న ఊరు.

అంత పెద్ద ప్రయాణానికి అంత దగ్గరి మజిలీ ఎందుకన్న సందేహం నేటి పాఠకునికి కలుగుతుంది. దూరప్రయాణానికి మంచి ముహూర్తం చూసి ఇల్లు కదలడం, ఆ పూటకు ఊరి పొలిమేర దాటి సమీపంలోనే విడిది చేయడం పూర్వుల అలవాటు. ముహూర్తానికి తాము కదలలేకపోతే తమ వస్తువునొకదానిని ముందుగా వేరొకరి ఇంట ఉంచి, దానినే ప్రస్థానమనేవారు. ఈ ఆచారంలో శకునాల మీది నమ్మకంతోపాటు లోకజ్ఞానమూ ఉంది. మరచిన సామానును మనిషిని పంపి తెప్పించుకోవచ్చు. వెనుకబడినవారు వచ్చి కలుసుకోవచ్చు. అంతకన్న ముఖ్యం, ఇంటిని ఒక్కసారిగా తెంచుకోకుండా మెల్లమెల్లగా విడువవచ్చు.

ఆ విడుపు ఆ కాలంలో తేలికైనది కాదు. చెన్నపట్టణంలో తొలి రైలుబండి నడిచింది 1856లో. అంటే వీరాస్వామయ్య బయలుదేరేనాటికి దక్షిణాదివారికి పల్లకి, బండి, గుర్రం, కాలినడక తప్ప భూమిమీద వేరొక సాధనం లేదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న నానుడి ఊరకే పుట్టలేదు. దారిలో విషజ్వరాలు, వాంతిభేదులు, పొంగే ఏరులు, దోపిడీలు పొంచి ఉండేవి. జబల్పూరు వైపు బాటసారులను నమ్మించి గొంతు నులిమి చంపే థగ్గుల భయం అప్పటికింకా తీరలేదు. అందువల్ల కాశీయాత్రకు వెళ్ళేవారు అప్పులు తీర్చి, ఆస్తులు అప్పగించి, బంధువులందరివద్దా సెలవు పుచ్చుకొని కదిలేవారు. సాగనంపేవారికి అది సగం వీడ్కోలు, సగం కడచూపు.

ఇల్లు విడిచేనాటికి వీరాస్వామయ్యకు ఏబది ఏండ్లు. ఆయన 1780 ప్రాంతంలో జన్మించాడు. తొమ్మిదవ ఏటనే తండ్రిని పోగొట్టుకున్నాడు. పట్టుదలతో ఆంగ్లం నేర్చి, పన్నెండేళ్ళ ప్రాయంలోనే కుంఫిణీవారి కచేరీలో జీతం లేని ఉమేదువారుగా ప్రవేశించాడు. అక్కడినుండి ఎదిగి ఎదిగి చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ అయ్యాడు. న్యాయాధిపతులకు తెలుగు రాదు, తమిళం రాదు. వ్యాజ్యమాడేవారికి ఆంగ్లం రాదు. ఇరువురి నడుమ నిలిచి, ఒకరి మాటను మరొకరికి పొల్లుపోకుండా అందించడమే దుబాసీ పని. మాటను ఉన్నదున్నట్లుగా చెప్పే ఆ కచేరీ అలవాటే తరువాత ఆయన రచనకు ప్రాణమైంది.

కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ ఆయనకు ఆప్తమిత్రుడు. దారిలో చూసిన వింతలనూ విశేషాలనూ రాసి తెలుపవలసిందిగా ఆ మిత్రుడు కోరాడు. ఆ కోరికను వీరాస్వామయ్య వ్రతంగా పట్టాడు. ఆ రచనలో తొలినాటి రాత్రి గురించి కన్నీళ్ళనూ కౌగిళ్ళనూ వెదికేవారికి నిరాశే మిగులుతుంది. తేదీ, వేళ, విడిచిన తావు, చేరిన తావు: ఆయన పద్ధతి అది. అయితే ఇల్లు విడిచిన రోజునుండే ఇంటి ఊరిలోని మిత్రునికోసం రాయడం మొదలుపెట్టినవాడు ఊరిని పూర్తిగా విడిచాడని అనలేము.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా యాత్ర సాగింది. కృష్ణ దాటి నైజాం రాజ్యంలో ప్రవేశించి, హైదరాబాదు చూసి, భోంసలే రాజులేలే నాగపూరు, ఆపై జబల్పూరు గడచి, ప్రయాగకు, కాశికి చేరుకున్నారు. గయ, కలకత్తా, పూరీ జగన్నాథం సేవించి తూర్పు తీరం వెంట దక్షిణానికి మరలారు. ప్రతి మజిలీలోనూ ఆయన గమనించినవి గృహస్థుకు కావలసిన సంగతులే. మంచినీరు ఉందా, బియ్యం పప్పు దొరికే అంగళ్ళున్నాయా, దిగడానికి తావు ఉందా, ముందున్న బాట ఇసుకా రాయా రేగడా, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది అన్నవి ఓపికతో రాశాడు. నూరుగురి ఆకలి తన బాధ్యత అయినవానికి దేవాలయ గోపురం కంటే ముందు బావి కంటబడటంలో ఆశ్చర్యం లేదు. తన వెనుక యాత్రకు రాబోయే వారికి ఆ వివరాలు తోడవుతాయన్న తలంపు కూడా ఆయనకు ఉండేది.

తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, ఒంగోలు గడచి నెల్లూరు చేరేసరికి ఇల్లు సమీపించింది. నెల్లూరినుండి చెన్నపట్టణానికి పోయే తీరప్రాంతం గూడూరు, చిల్లకూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటల సీమ. ఎడమవైపు కొంత దూరంలో సముద్రం, ఉప్పునేలలు, పులికాటు సరస్సు. అడ్డంగా స్వర్ణముఖి, కాళంగి నదులు. ఈశాన్య ఋతుపవనం ఇంకా రాని ఆగస్టు మాసంలో ఆ ఏరులు యాత్రికులను అంతగా నిలువరించవు. గంగను, నర్మదను, గోదావరిని దాటి వచ్చినవారికి అవి ఇంటి పెరటి కాలువలవంటివి. నేడు చిల్లకూరు మీదుగా జాతీయ రహదారిపై కొన్ని గంటలలో చెన్నై చేరే ప్రయాణికునికి ఆ దగ్గరితనం పూర్తిగా తెలియదు. 1831 సెప్టెంబరు 3వ తేదీన వీరాస్వామయ్య చెన్నపట్టణం చేరాడు. పదునైదున్నర నెలలకు ఇల్లు మళ్ళీ కంటబడింది.

ఆయన కథ ఇక్కడితో ముగిసి ఉంటే అది ఒక సంపన్న గృహస్థుని యాత్రగానే మిగిలేది. కాని రెండేళ్ళు గడవకముందే అదే సీమ మరొక ప్రయాణాన్ని చూసింది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు మండలంలో ఘోరమైన కరువు వచ్చింది. అయిదు లక్షల జనాభాగల ఆ మండలంలో లక్షన్నరకు పైగా మరణించారని అంచనా. బ్రతుకుపై ఆశగలవారు ఇళ్ళు విడిచి, పిల్లలను చంకనెత్తుకొని, నెల్లూరు సీమ మీదుగా చెన్నపట్టణానికి నడిచారు. వారికి ముహూర్తం లేదు, ప్రస్థానం లేదు, రాత్రికి మాధవరంవంటి విడిది లేదు. దారి పొడవునా ఎందరో రాలిపోయారు. పట్టణం చేరగలిగిన అన్నార్తులకు అన్నం పెట్టించినవారిలో వీరాస్వామయ్య ఒకడు. బాటసారికి నీరూ బియ్యమూ ఎక్కడ దొరుకుతాయన్నది నూరు మజిలీలలో రాసుకున్నవానికి, ఏమీ దొరకని బాట ఎటువంటిదో వేరుగా చెప్పవలసిన పని లేకపోయింది.

1836లో వీరాస్వామయ్య కన్నుమూశాడు. మిత్రుడు తనకోసం రాసినదాన్ని శ్రీనివాసపిళ్ళ భద్రంగా కాపాడి, 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో ముద్రింపించాడు. తెలుగులో యాత్రాచరిత్ర అన్న ప్రక్రియకు ఆద్యమైనదిగా పండితులు దానిని గౌరవిస్తారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దానిని పరిష్కరించి మరల వెలువరించాడు. ఆ గ్రంథంలో మొట్టమొదట కనిపించే ప్రయాణపు తేదీ, తండయారువీడు ఇల్లు వెనుకబడిన ఆ మే 18.