పేద ముద్దాయిల పక్షమున క్లారా ఫోల్ట్జ్

నేరము మోపబడినవాడు బోనులో నిలిచినప్పుడు వానికెదురుగా ప్రభుత్వపు ప్లీడరు నిలుచును. ఆ ప్లీడరునకు జీతము ఖజానానుండి వచ్చును. సాక్ష్యములు సేకరించి యిచ్చుటకు పోలీసులు కలరు. ముద్దాయి చేత కాసు లేనిచో వాని తరఫున మాటలాడువారెవరు? ఈ ప్రశ్నను పట్టు విడువక యడిగిన స్త్రీ క్లారా ఫోల్ట్జ్.

క్లారా 1849వ సంవత్సరమున అమెరికాలోని ఇండియానా రాష్ట్రమందు జన్మించెను. పదునైదేండ్ల ప్రాయముననే ఇల్లు వీడి వివాహమాడెను. ఐదుగురు బిడ్డలు కలిగిరి. కుటుంబము కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణము చేరిన కొంతకాలమునకు భర్త ఆమెను విడిచిపోయెను. బిడ్డలను పోషించుటకై ఆమె ఉపన్యాసములిచ్చుచు, ఒక ప్లీడరు వద్ద న్యాయశాస్త్రము చదువనారంభించెను.

కాని ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము శ్వేతజాతి పురుషులు మాత్రమే ప్లీడర్లు కాదగుదురు. చట్టమే అడ్డమైనచో చట్టమునే మార్పవలెనని క్లారా యెంచెను. ఆ నిర్బంధమును తొలగించు బిల్లును తానే వ్రాసి శాసనసభలో ప్రవేశపెట్టించెను. గడువు ముగియు రాత్రి గవర్నరు గదిలోనికి చొచ్చుకొనిపోయి సంతకము చేయించితినని ఆమెయే తరువాత చెప్పుకొనెను. ఆ 1878వ సంవత్సరముననే ఆమె కాలిఫోర్నియాలో మొదటి మహిళా న్యాయవాది యయ్యెను. మరుసటి యేడు, స్త్రీలను చేర్చుకొననన్న న్యాయకళాశాలపై వ్యాజ్యము వేసి, రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచెను. గెలిచియు అచట చదువు పూర్తి చేయలేకపోయెను. ఇంట ఐదుగురు పిల్లలు. సంపాదన ఆమె యొక్కతెదే.

ధనవంతులు ఆడు ప్లీడరును వెదకికొని వచ్చు కాలము కాదది. ఆమెను ఆశ్రయించినవారిలో ఫీజు ఇయ్యలేని బీదలే పెక్కుమంది. పేద ముద్దాయికి న్యాయమూర్తి ఒక ప్లీడరును నియమించుట అప్పటికే కలదు. కాని ఆ ప్లీడరునకు ప్రతిఫలము లేదు. అందుచేత అనుభవము కలవారు తప్పించుకొనుచుండిరి. అనుభవము లేని యువకునకో, పని దొరకక కోర్టులో కూర్చున్నవానికో ఆ కేసు అంటగట్టబడుచుండెను. కొందరు ముద్దాయి బంధువుల వద్దనున్న కొద్దిపాటి సొమ్మును లాగుకొని, ఆపై ముఖము చాటువేయుచుండిరి. క్లారా ఇదంతయు కన్నులార చూచెను. ఆ ప్లీడర్లను మాత్రమే నిందించుట నాకు న్యాయముగా తోచదు. కూలి లేని పని యెన్నాళ్లు శ్రద్ధగా సాగును?

నేరము రుజువగువరకు ముద్దాయి నిర్దోషియే యని చట్టము చెప్పుచున్నది. అట్టివానిని శిక్షింపజేయుటకు జీతమిచ్చి ఒక ప్లీడరును నియమించు ప్రభుత్వము, వానిని కాపాడుటకును జీతమిచ్చి మరియొకరిని నియమింపవలెనని క్లారా వాదించెను. ఆ ఉద్యోగికి పబ్లిక్ డిఫెండరని పేరు. ఇది దానము కాదు, ప్రభుత్వము చేయవలసిన పనియని ఆమె తలంపు.

1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనము మనకు వివేకానందస్వామి వలన సుపరిచితమే. స్వామి సర్వమత సభలో ప్రసంగించుటకు కొద్ది వారములకు పూర్వము, అదే ప్రదర్శనమునకు అనుబంధముగా జరిగిన న్యాయశాస్త్ర సభలో క్లారా తన యోచనను విన్నవించెను. పిదప బిల్లు వ్రాసి పలు రాష్ట్రముల శాసనసభలకు పంపెను. ఎన్నో యేండ్లు అది నెగ్గలేదు. ఈలోగా 1910లో లాస్ ఏంజిలిస్‌లో ఆమె ప్రభుత్వపక్షపు ప్లీడరుగనే నియమింపబడుట చిత్రము!

1914లో ఆ లాస్ ఏంజిలిస్ కౌంటీయందే దేశమున మొదటి పబ్లిక్ డిఫెండరు కార్యాలయము తెరువబడెను. 1921లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికిని వర్తించు చట్టము వచ్చెను. చికాగో ప్రసంగమునకు ఇరువదియెనిమిదేండ్ల తరువాత వచ్చిన ఆ చట్టమును క్లారా కన్నులార చూడగలిగెను. మన దేశమున బీదలకు ఉచిత న్యాయసహాయమును గూర్చిన 39-ఎ అధికరణము 1976లో రాజ్యాంగమున చేరినది.

క్లారా 1934లో లాస్ ఏంజిలిస్‌లో మరణించెను. ఒకనాడు ఆమెను చేర్చుకొనని ఆ న్యాయకళాశాల 1991లో, ఆమె మరణించిన యేబదియేడేండ్లకు, ఆమె పేర పట్టము నొసగెను.