పేచీలకు మందు వెతికిన డాక్టరమ్మ

ఇద్దరు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఓ గంట కూర్చుని చూడండి. అక్క గిల్లిందని ఒకరు, తమ్ముడు పెన్సిలు లాక్కున్నాడని ఇంకొకరు వంటింటి గుమ్మంలోకి రాకుండా ఉంటే ఒట్టు! ఒకరి ఏడుపు ఆపేలోపు రెండోవారి సణుగుడు మొదలవుతుంది. సెలవుల్లో అయితే తల్లికి రోజంతా తీర్పులు చెప్పడమే పని. ఈ పేచీల సంగతి ఎత్తినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది డాక్టర్ మరియా మాంటిస్సోరి. చాలామందికి మాంటిస్సోరి అంటే బడి బోర్డు మీద కనిపించే పేరు, అంతే. ఆ పేరు వెనకున్న మనిషి కథ తెలిస్తే మన పిల్లల గొడవలు కూడా కాస్త వేరుగా కనిపిస్తాయి.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో చియరవల్లె అనే ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో కొట్లాడి పెరిగిన మనిషి కాదన్నమాట. ఆడపిల్లకి డాక్టరు చదువేమిటని తండ్రికి అయిష్టం. తల్లి మాత్రం వెన్నుదన్నుగా నిలిచింది. మగవిద్యార్థుల పక్కన నిలబడి శవపరీక్ష నేర్చుకోవడం మర్యాద కాదన్నారు. దాంతో అందరూ వెళ్ళిపోయాక సాయంత్రాలు ఒంటరిగా ఆ పని చేసింది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా పుచ్చుకుంది.

ఆ రోజుల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని పిచ్చాసుపత్రుల్లో పడేసేవారు. మరియా అలాంటిచోట్లకి వెళ్ళేది. ఒక గదిలో పిల్లలు అన్నం వేళ అయ్యాక నేలమీద పడ్డ రొట్టె తునకల కోసం పాకుతూ కనిపించారట. తిండి మీద యావ అని అక్కడి ఆయా చీదరించుకుంది. మరియా గది చుట్టూ చూసింది. చేత్తో పట్టుకోవడానికి ఒక్క బొమ్మ లేదు, ఒక్క వస్తువు లేదు. పాపం, ఆ చేతులకి పని కావాలి అనుకుంది. ఆమె తర్వాత చేసినదంతా ఈ ఒక్క ఆలోచనలోంచే మొలకెత్తిందని నాకనిపిస్తుంది.

1898లో ఆమెకు కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళికాని తల్లిని ఆనాటి సమాజం ఉద్యోగంలోనూ ఉండనివ్వదు, బిడ్డతోనూ బతకనివ్వదు. పసివాణ్ణి పల్లెటూళ్ళో మరో కుటుంబం దగ్గర పెంచారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది, తల్లినని చెప్పకుండానే. బాబుకు పదిహేనేళ్ళ వయసు వచ్చాకగానీ తన దగ్గరికి తెచ్చుకోలేకపోయింది. ఆ తర్వాత కూడా చాలాకాలం లోకానికి మేనల్లుడిగానే పరిచయం చేసింది. సొంతబిడ్డ పేచీలు వినే భాగ్యం లేని ఆ తల్లి ఊరివాళ్ళ పిల్లల్ని అంత ఓపిగ్గా ఎలా చూసిందో! ఆమె జీవితంలో ఈ భాగం చదివితే నాకు పేజీ తిప్పబుద్ధి కాదు.

1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లోరెంజో అనే పేదలవాడలో ఆమె మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు మెట్లమీద పడి గోడలు పాడుచేస్తున్నారని, ఆ ఇళ్ళను బాగుచేయించిన సంస్థే ఒక గది ఇచ్చింది. యాభైమంది దాకా పిల్లలు. అందరూ ఆరేడేళ్ళ లోపువాళ్ళే. మొదటిరోజు బెదురుచూపులు, ఏడుపులు. చూసుకోవడానికి పెట్టిన అమ్మాయి శిక్షణ పొందిన టీచరు కూడా కాదు.

అక్కడ మరియా చేసిన ఏర్పాట్లు మనకి పనికొచ్చేవి. పిల్లల ఎత్తుకి సరిపోయే బల్లలు, కుర్చీలు చేయించింది. వస్తువులు వాళ్ళకి అందే అరల్లో పెట్టించింది. చేతులు కడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, ముక్కు చీదుకోవడం కూడా మెల్లగా చేసి చూపించింది. ఆ ముక్కు పాఠానికి పిల్లలు చప్పట్లు కొట్టారట! ఎప్పుడూ తిట్టేవాళ్ళేగానీ నేర్పినవాళ్ళు లేరు మరి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ఒక్కో వస్తువు ఒక్కటే ఉంటుంది. ఒకరు తీసుకుంటే, వాళ్ళు దాన్ని తిరిగి అరలో పెట్టేదాకా రెండోవాళ్ళు ఆగాలి. గొడవ రాకూడదని ఇద్దరికీ చెరొకటి కొనిపెట్టడం ఇళ్ళల్లో మామూలే. ఈవిడ దానికి సరిగ్గా ఎదురు. ఎదుటివాడి పనిని గౌరవించడం, వంతుకోసం ఆగడం ఉపన్యాసాలతో రావనీ, రోజూ ఆగితేనే వస్తాయనీ ఆమె నమ్మకం.

అక్కడే మూడేళ్ళ పాప ఒకతె చెక్క దిమ్మెల్ని రంధ్రాల్లో అమర్చి, తీసి, మళ్ళీ అమరుస్తూ నలభైసార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లలు పాడినా, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా తలెత్తలేదు. చివరికి హాయిగా నిద్రలేచినట్టు నవ్వుకుంటూ లేచింది. పనిలో కడుపునిండిన పిల్లకి నసపెట్టే అవసరమేముంది?

ఇంకో ముచ్చట. రెండున్నరేళ్ళ బాబు ఒకడు. గుంపు మధ్యలో నీళ్ళపళ్ళెంలో తేలే బొమ్మలున్నాయి, వాడికి కనిపించడం లేదు. చుట్టూ చూశాడు. చిన్న కుర్చీ కనిపించింది. దాన్ని తెచ్చుకుని ఎక్కుదామని వెలిగిపోయే ముఖంతో బయల్దేరాడు. ఈలోగా టీచరు వచ్చి జాలిపడి ఎత్తి చూపించేసింది. బొమ్మలు కనిపించాయి, ముఖంలో వెలుగు మాత్రం ఆరిపోయింది. పిల్లల సణుగుడులో సగం ఇలా వాళ్ళ పని మనం లాగేసుకోవడం వల్లేనేమో.

అలాగని ఇష్టం వచ్చినట్టు వదిలెయ్యలేదు. ఎవరైనా తోటివాళ్ళని సతాయిస్తే ఒక మూల మెత్తని కుర్చీలో కూర్చోబెట్టి, ఇష్టమైన బొమ్మలిచ్చి, జబ్బుపడ్డ బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. దెబ్బల్లేవు, అరుపుల్లేవు. అక్కణ్ణించి మిగతావాళ్ళు పనిచేసుకోవడం చూస్తూ చూస్తూ వాడికే కలవాలనిపించేది.

1934లో ముస్సోలినీ ప్రభుత్వంతో చెడి ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపుమీద కొడుకుతో మద్రాసు అడయారు వచ్చింది. అప్పటికి అరవైతొమ్మిదేళ్ళు. మర్నాడు ఏడాది ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిషువాళ్ళు మారియోని నిర్బంధించారు. ఆమె డెబ్భయ్యో పుట్టినరోజుకి కానుకగా విడిచిపెట్టారు. అడయారులో, కొడైకెనాల్‌లో వందలమంది మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి పెరగాలనీ, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి నేర్పుతూ తామూ నేర్చుకుంటారనీ చెప్పిన ఆమె పుస్తకం 1949లో మద్రాసులోనే అచ్చయింది. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూసింది.

మనది బడి కాదు, రెండు గదుల ఇల్లు. అయినా మా ఇంట్లో కొన్ని పాటిస్తున్నాను. రంగుపెన్సిళ్ళ డబ్బా ఒక్కటే. ఎవరు చిన్న చాప పరుచుకుని కూర్చుంటే వాళ్ళది. డబ్బా అరలోకి వచ్చేదాకా రెండోవాళ్ళు ఆ చాప మీద కాలు పెట్టకూడదు. మొదటివారం మా చిన్నాడు గుమ్మంలో కూర్చుని రాగం తీశాడు. నేను కదల్లేదు. ఇప్పుడు ఆలోపు చిక్కుడుకాయల ఈనెలు తీస్తానంటూ నా పక్కకి చేరుతున్నాడు. కిందిఅరలో వాడి చెంబు, గ్లాసు పెట్టాక నీళ్ళు నీళ్ళు అనే నస తగ్గింది. తమ్ముడికి గుండీలు పెట్టుకోవడం నేర్పే బాధ్యత పెద్దదానిది. ఆ పనిలో ఉన్నంతసేపు అది వాడిమీద చాడీ చెప్పదు!

గొడవలు పూర్తిగా పోయాయా అంటే, లేదు. చెయ్యి చేసుకునేదాకా వస్తే విడదీయాల్సిందే. కానీ ఏ పిల్లాడు నసిగినా తప్పెవరిదని అడిగేముందు, వాడి చేతుల్లో ఏముందో చూడటం అలవాటైంది. ఈ ఆదివారం మీరూ ఒక్క అర పిల్లలకి అందేలా సర్ది, ఒక్క వస్తువుతో మొదలుపెట్టి చూడండి. వారం రోజులు ఓపిక పట్టాలి సుమా!