డిచ్‌పల్లి తల్లి – డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు

2020 మార్చి నెలాఖరున కరోనా తెగులు మూలముగా దేశమంతట తలుపులు మూసికొన్నప్పుడు, మన్ననూరులో మేమును ఇండ్లలోనే ఉండిపోతిమి. శ్రీశైలము రోడ్డుమీద బస్సు లేదు. చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస లేదు. ఆ యేడు ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను చాపమీద కూర్చుండి, పిల్లలతో కీర్తనలు పాడుకొని ఆచరించితిమి. మొదట విసుగు కలిగినను, పోనుపోను కుటుంబ ప్రార్థన రుచి తెలిసెను. ఉన్నదానితో తృప్తిపడుట కొంత నేర్చుకొంటిమి.

అయినను ఒక తప్పు ఒప్పుకొనవలెను. మాలో ఒకరు పట్నమునుండి జ్వరముతో రాగా మేము దూరముగా ఉంటిమి. అది తప్పు కాదు. గాని వారి వాకిట గిన్నెడు బువ్వ పెట్టి, ఎట్లున్నావని దూరమునుండియైనను అడుగలేదు. అది తప్పు. వారు కోలుకొనిన తరువాత వారి ముఖము చూచుటకు మాకు సిగ్గాయెను. అప్పటినుండి మా మధ్య డాక్టర్ కెర్ అమ్మగారి మాట తరచు వచ్చుచున్నది. ఈ శతాబ్ది సంచికలో ఆమె జీవితమును స్మరించుట మా ధర్మమని తలంచితిమి.

ఇసబెల్ గన్ 1875లో స్కాట్లండు దేశమున జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ కాలములో అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో డాక్టరైరి. జార్జి కెర్ దొరగారిని వివాహమాడి, 1907లో ఆయనతో కూడ నిజాము రాజ్యమునకు వచ్చిరి. మెదకు మహాదేవాలయము కట్టించిన పాస్నెట్ గారి వెస్లియన్ మిషనులోనే వీరును పరిచర్య చేసిరి.

నిజామాబాదు ప్రాంతమున ఆమె హృదయమును కలచినది కుష్ఠువ్యాధి. మన పల్లెలలో దానిని పెద్దరోగమనెడివారు. ఆ మచ్చ కనబడిన దినముననే మనిషికి ఇల్లు పోయెడిది. భార్య, బిడ్డలు, బావి నీళ్లు, పెండ్లి పందిరి – అన్నియు దూరమయ్యెడివి. ఊరి వెలుపల చెట్టు క్రింద, గుడుల వాకిళ్లలో భిక్షమెత్తుటయే గతి. మనము కొన్ని నెలలు ఇంటిలో ఉండలేక విసిగితిమి. వారు బ్రతికినన్నాళ్లు ఇంటికి పోలేకపోయిరి!

అమ్మగారు 1911లో నిజామాబాదులో అట్టివారికొరకు చిన్న ఆశ్రయము ప్రారంభించిరి. వచ్చువారు ఎక్కువైరి, స్థలము చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ గారు ధనసహాయము చేసిరి. ఆయన హిందువు. దేవుడు తన పనికి ఎవరి చేతినైనను వాడుకొనునని చెప్పుటకు ఇదే సాక్ష్యము. 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆ పని స్థిరపడెను. అదే విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి.

మొదట ఆమె చేతిలో సరియైన మందు లేదు. పుండ్లు కడుగుట, కట్టు కట్టుట, కడుపునిండ పెట్టుట మాత్రమే చేయగలిగిరి. చాల్మోగ్రా జాతి గింజల నూనెను త్రాగించినచో రోగికి వాంతులయ్యెడివి. 1920ల్లో కలకత్తాలో డాక్టర్ మ్యూర్ గారు దానిని సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేయగా, అమ్మగారు దానిని డిచ్‌పల్లిలో ఆచరణలో పెట్టిరి. అది బాధాకరమైన చికిత్స. అందరికిని నయము కాలేదు. అయినను ఆశ పుట్టెను. చావునకు ఎదురుచూచుటకు వచ్చు స్థలము, బాగుపడుటకు వచ్చు స్థలమాయెను.

సూదిమందుతోనే ఆమె తృప్తిపడలేదు. మంచి ఆహారము, వ్యాయామము, తోటపని, పొలము పని – ఇవన్నియు వైద్యములో భాగములాయెను. చేయి చాచి అడిగిన మనిషి ఆ చేతితోనే మొక్క నాటి నీరు పోసెను. ఊరిలో పేరు పోయినవానిని ఇక్కడ పేరుపెట్టి పిలిచిరి. ప్రార్థనలో ప్రక్కన కూర్చుండువారు కలిగిరి. మన ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టెనని చదువుట సులభము. ఆ ముట్టుటను ప్రతిదినము చేసి చూపినవారు కెర్ దంపతులు.

1923లో ప్రభుత్వము వీరికి కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. 1932 జనవరిలో అమ్మగారు ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆమెకు 56 సంవత్సరములు. నేడు కుష్ఠువ్యాధికి పూర్తిగా నయముచేయు మాత్రలున్నవి. 1980లనుండి వాటి మూలముగా లక్షలమంది స్వస్థులైరి. ఆమె ఆ దినము చూడలేదు. చూడకయే నమ్మి పనిచేసిరి.

అపొస్తలుడైన పౌలు బంధకములలో ఉండి సంతృప్తిని నేర్చుకొనెను. అయితే ఆయనను మరువక కానుక పంపిన సంఘమొకటి ఫిలిప్పీలో ఉండెను గదా! ఇంటిలో ఒంటరిగా ఉన్నవానికి విశ్వాసము నిలుచుటకు, వాకిట ఒక పిలుపు కావలెను. తెగులు వచ్చినప్పుడు దూరము పాటింతము గాని ఎవరిని మరువకుందము. మా మన్ననూరు సంఘము ఆలస్యముగా నేర్చుకొనిన పాఠమిది. వచ్చు తరమువారు మాకంటె ముందుగా నేర్చుకొందురు గాక. దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.