మంచులో దారి వేసిన మాథ్యూ హెన్సన్

మన మొగల్తూరులో మంచు అంటే చేపల పెట్టెల్లో కొట్టి వేసే ఐసే. ఉత్తర ధ్రువం చేరినదెవరు అన్న బిట్టు ప్రశ్నకు రాబర్ట్ పియరీ అని నేనూ బట్టీ పట్టినవాణ్ణే. ఆయన వెంట నడిచిన హెన్సన్ పేరు మాత్రం పి.జి.కి వచ్చాకే తెలిసింది.

హెన్సన్ 1866 ఆగస్టు 8న అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు పరాయి పొలాన్ని పాలుకు చేసుకునేవారు. చిన్నతనంలోనే ఇద్దరూ పోయారు. పన్నెండేళ్ల వయసులో ఓడలో పనికుర్రాడుగా చేరాడు. కెప్టెన్ చైల్డ్స్ అనే ఆయన అతనికి చదువు చెప్పాడు. ఓడే అతని హాస్టలు అనుకోండి! 1887లో వాషింగ్టన్‌లోని ఒక దుకాణంలో పనిచేస్తుండగా పియరీ చూసి, నౌకరుగా పెట్టుకున్నాడు.

1891 నుంచి ఇద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్లసాగారు. మన పాఠాల్లో ఎస్కిమోలు అని రాసిన ఇనూయిట్ ప్రజల దేశమది. హెన్సన్ వాళ్ల భాష నేర్చాడు. మంచుబండి చేయడం, కుక్కలను తోలడం, ఇగ్లూ కట్టడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. వాళ్లు ప్రేమగా 'మారి పాలుక్' అని పిలిచేవారు. మంచివాడైన మాథ్యూ అని అర్థం.

పియరీ దొర సంగతి వేరు. ఇనూయిట్లు తరతరాలుగా కత్తులకు ఇనుము కొట్టుకున్న ఉల్కాశిలలను ఆయన ఓడకెక్కించాడు. న్యూయార్క్ మ్యూజియం వాటిని 40,000 డాలర్లకు కొంది. 1897లో ఆరుగురు ఇనూయిట్లను కూడా తీసుకువెళ్లాడు. వారిలో నలుగురు కొద్ది నెలల్లోనే జబ్బుచేసి చనిపోయారు. మినిక్ అనే పిల్లవాడు తండ్రిని పోగొట్టుకుని అక్కడే మిగిలిపోయాడు. ఆ తండ్రి ఎముకలను మ్యూజియంలోనే ఉంచేశారు. నలుగురి అస్థికలూ సొంత ఊరి మట్టికి చేరింది 1993లో! కొత్త దేశం కనిపెట్టామని మనం చదివే పాఠం, అక్కడివాళ్ల ఇళ్లలో ఇలా ఉంటుంది.

1909 ఏప్రిల్ 6న పియరీ, హెన్సన్, ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా ధ్రువం దగ్గరకు చేరారు. సరిగ్గా ఆ బిందువునే తాకారా అన్నదానిపై నేటికీ వాదన ఉంది. పియరీ కాలివేళ్లు చాలావరకు మంచుకు పోయాయి, ఎక్కువగా బండి మీదే వచ్చాడు. ముందు దారి వేసింది హెన్సన్. ఆడవాళ్లు కుట్టిన తోలు బట్టలే లేకపోతే ఆరుగురిలో ఒక్కరూ తిరిగి వచ్చేవారు కాదు.

పియరీకి పతకాలు వచ్చాయి. హెన్సన్‌కు 1913లో న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ పతకం 1944లో గాని రాలేదు. 1955 మార్చి 9న కన్నుమూశాడు. గ్రీన్‌లాండ్‌లో ఇనూయిట్ తల్లికి పుట్టిన ఆయన కొడుకు అనౌకాక్, 80 ఏళ్ల వయసులో, 1987లో అమెరికా వచ్చి తండ్రి సమాధి చూశాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న హెన్సన్ అస్థికలను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో, పియరీకి దగ్గరలో, సైనిక లాంఛనాలతో ఉంచారు.