శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మ

నూఱేండ్లకు పూర్వము హైదరాబాదు నగరమున ఒక కలవారి యిల్లు సుఖముగా తెల్లవారవలెనన్న పెక్కు చేతులు పనిచేయవలసియుండెను. సికింద్రాబాదు దండులోని బంగళాలయందును, నగరములోని పెద్దల మేడలయందును వంటవాండ్రు, బట్లర్లు, ఆయాలు, తోటమాలులు, గుఱ్ఱపు సాయీసులు, పంకా లాగువారు, బంట్రోతులు, ఊడ్చువారు, పాకీవారు లేనిదే దినము గడిచెడిది కాదు. ఈ కొలువులలో, అందును హీనములని యెంచబడిన కొలువులలో, అస్పృశ్యులనబడిన కులములవారు పెక్కుమంది యుండిరి. వారి శ్రమ యెల్లరకును కావలెను. వారి పేరు మాత్రము ఎవరికిని అక్కఱలేదు. తల్లిదండ్రులు ఎల్లయ్య యని పెట్టిన పేరు యజమానుని నోట ఎల్లిగాడయ్యెడిది. మల్లమ్మ మల్లి యయ్యెడిది. ఏబదియేండ్లు నిండిన పనివానిని పదియేండ్ల బాలుడు ఒరేయని పిలిచినను ఆ యింట తప్పుపట్టువారు లేకుండిరి. పనికి కూలి యిచ్చితిమి గదా, ఇక మర్యాద యెందులకని లోకము తలచెను.

అట్టి లోకమున 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన, హైదరాబాదునందు మాదరి వెంకయ్య, రంగమాంబ యను మాల దంపతులకు ఒక కుమారుడు కలిగెను. వానికి భాగయ్య యని పేరు. ఆ కుటుంబమునకు గురువుగా నుండిన యొకాయన ఆ పేరును భాగ్యరెడ్డి యని మార్చెను. రెడ్డి యను పదము రేడు అను పదమునుండి పుట్టినదనియు, రేడనగా పాలకుడనియు, ఇప్పుడు అస్పృశ్యులని త్రోయబడినవారే పూర్వకాలమున ఈ నేలను ఏలినవారనియు ఆ గురువు నమ్మకము. ఈ వ్యుత్పత్తి సాధువగునా కాదా యని వైయాకరణులు వాదించుకొనవచ్చును. ఆ బాలునికి మాత్రము అది ఒక ఊతకఱ్ఱ యయ్యెను. తనవారిని లోకము ఏ పేరుతో పిలుచుచున్నది, ఏ పేరుతో పిలువవలెను అను ప్రశ్న ఆయన జీవితమంతయు ఆయనను విడువలేదు.

పేరు రేడైనను బ్రదుకు మాత్రము బీదబ్రదుకే. యౌవనారంభమున ఆయన డాస్ సాంటోస్ అను రోమను కతోలిక బారిష్టరుగారి యింట పనికి కుదిరెను. ఆ యింటి కొలువు ఆయనకు కూడు మాత్రమే కాక చదువునెడ ఆసక్తిని, పుస్తకములతోడి పరిచయమును గూడ నిచ్చెను. ఇంటిపనివాడు ఇంటిలోని సంగతులన్నియు ఎఱుగును. ఎవరు ఎవరితో ఎట్లు మాటలాడుదురో, పీటమీద కూర్చుండబెట్టునది ఎవరిని, గడప యవతల నిలుపునది ఎవరినో వానికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఒక యింట మనుష్యునిగా చూడబడి, వీధిలోనికి వచ్చినంతనే అంటరానివాడగుట ఎంతటి వింతయో అనుభవించినవానికే తెలియును. అందుచేత ఆయన చేసిన పనులను ఒక సేవకుడు లోకమును చూచిన చూపుగా చదువుట యుక్తము.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన కొందఱు మిత్రులతో గూడి జగన్మిత్ర మండలిని స్థాపించెను. జగత్తునకు మిత్రులమని చెప్పుకొనిన ఆ యువకులను తాకుటకైనను జగత్తు అప్పటికి ఒప్పుకొనలేదు. వారు చెప్పదలచిన సంగతులు కాగితముపై వ్రాసిన చదువుకొనగలవారు ఆ పేటలలో అరుదు. కావున హరికథల మూలమున చెప్పసాగిరి. పగలెల్ల పరుల యిండ్లలో పనిచేసి వచ్చినవారు రాత్రి దీపము చుట్టు చేరి వినిరి. మద్యపానము మానవలెననియు, బాల్యవివాహములు కూడదనియు, ఆడుబిడ్డలను బసివిరాండ్రుగను మురళీలుగను దేవతలకు విడిచిపెట్టు దురాచారము పోవలెననియు ఆయన బోధించెను. తమలో తమకు కలుగు తగవులను తామే తీర్చుకొనుటకు పంచాయతీలను ఏర్పఱచెను. 1911లో ఈ కృషి మాన్యసంఘమను పేరు దాల్చెను. మాన్యుడనగా గౌరవింపదగినవాడు. ఊడ్చువారికి, మోయువారికి, వంటవారికి ఈ పేరు పెట్టిన సాహసమును గమనింపుడు. మమ్ము గౌరవింపుడని వేడుకొనక, గౌరవార్హులము మేమని చెప్పుకొనుటయే అందలి విశేషము. 1913లో ఆర్యసమాజమువారు ఆయనకు వర్మ యను బిరుదమిచ్చిరి. ఆ యేడే ఆయన హైదరాబాదున బుద్ధజయంతిని జరిపెను.

పేరు మాత్రమే చాలదని ఆయన యెఱుగును. 1910లోనే ఇసామియా బజారునందును లింగంపల్లియందును బీదల బిడ్డలకు పాఠశాలలు తెఱచెను. నాడు నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ఆ బిడ్డల యింటిభాష తెలుగు. బంట్రోతు కొడుకు తన తల్లి మాటలాడు భాషలో అక్షరములు నేర్చుకొనుట ఆ కాలమున ఆ నగరమున సామాన్యమైన సంగతి కాదు. 1933 ప్రాంతమునకు పాఠశాలలు 26 అయ్యెను; సుమారు 2500 మంది బాలబాలికలు చదువుచుండిరి. తరువాత ప్రభుత్వము ఆ పాఠశాలలను తన యధీనమునకు తీసికొనెను. 1912లో స్వస్తిక్ దళమను సేవకబృందమును గూర్చెను. ప్లేగు మొదలగు అంటువ్యాధులు నగరమున చెలరేగి, ఆప్తులే రోగులను విడిచి పాఱిపోవునప్పుడు, ఎవరి నీడ సోకిన మైలయని లోకము తలచెనో వారే వచ్చి రోగులకు ఉపచారము చేసిరి. కూలి లేని ఆ సేవను చూచియైనను, కూలికి చేయు సేవ నీచమని చెప్పువారు సిగ్గుపడవలసినదే.

ఆయన పేరు హైదరాబాదు ఎల్లలు దాటినది 1917లో. ఆ సంవత్సరము నవంబరు నెలలో బెజవాడయందు ఆంధ్రదేశపు పంచముల ప్రథమ మహాసభ కూడెను. గూడూరు రామచంద్రరావు మొదలగు సంస్కర్తలు దానికి పూనుకొని, భాగ్యరెడ్డివర్మను అధ్యక్షునిగా పిలిచిరి. సభ జరిగిన దినములలో కనకదుర్గ గుడి తలుపులు మూయబడెను. కొండదిగువన మనుష్యులు తమ పేరును వెదకికొనుచుండగా కొండపైన తలుపులు బిగించుకొనబడుట ఆనాటి సంఘస్థితికి చిత్రపటము. అధ్యక్షుడు సభ పేరునే ఆక్షేపించెను. పంచములను మాట శాస్త్రములలో గాని పురాణములలో గాని లేదనియు, ఆ పేరు మోయుచున్నవారు ఈ నేలకు తొలిబిడ్డలనియు వాదించెను. సభవారు సమ్మతించిరి. పంచమసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసెను.

ఒక గదిలో మాఱిన పేరు దేశమున మాఱుటకు కొన్ని యేండ్లు పట్టెను. 1922లో చెన్నపురి ప్రభుత్వము పఱయ, పంచమ అను పేరులకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అను పేరులను అంగీకరించెను. శాసనసభలో దానికై పాటుపడినవాడు ఎం. సి. రాజా. నిజాము రాజ్యమున మాన్యసంఘము ఆది హిందూ సంఘసేవా సమితిగా మాఱెను. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనము లేచెను. 1930లో లక్నోనగరమున కూడిన ఆది హిందువుల సభలో భాగ్యరెడ్డివర్మ పాల్గొని, డాక్టరు అంబేద్కరుగారికి లండను రౌండు టేబులు సమావేశ విషయమున తోడ్పడెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆది హిందువులను పేరును గైకొనెను. ఆ యేడే ఆయన భాగ్యనగర్ అను పత్రికను స్థాపించెను.

ఆయన జీవితమును వ్రాయువారు విజయములను మాత్రమే చెప్పిన అది సత్యము కాజాలదు. ఆది హిందువులను ఒక్క పేరుక్రింద మాలలు, మాదిగలు కడదాక ఏకముగా నిలువలేదు. సహచరులలో భేదములు పొడసూపెను. మాదిగలు అరుంధతీయులను పేర వేఱుగా సంఘము కట్టుకొనిరి. అణగద్రొక్కబడినవారిలోనే ఒకరు మఱియొకరిని తక్కువగా చూచు అలవాటు పేరు మార్చినంతమాత్రమున పోలేదు. ఇంకొక చిక్కును గూడ కాలము చూపెను. పిలుచు నాలుక మాఱనిచో ఎంత మంచి పేరైనను కొన్నాళ్ళకు మాసిపోవును. పంచముడు ఆది ఆంధ్రుడయ్యెను, గాంధిమహాత్ముడు హరిజనుడనెను, పిదప ఆ మాటయు పలువురకు నచ్చనిదయ్యెను. భాగ్యరెడ్డివర్మ ఒక్క పేరుతో సరిపెట్టుకొనక బడిని, పంచాయతీని, పత్రికను, సేవాదళమును దానికి తోడుగా నిలుపుట ఈ కారణముననే మిక్కిలి మెచ్చదగినది.

1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొకటవ యేట, ఆయన పరమపదించెను. తన కృషికి రాజ్యాంగము తోడగుట చూచుటకు ఆయన బ్రదికియుండలేదు. 1950లో భారత రాజ్యాంగము 17వ అధికరణముచేత అస్పృశ్యతను రద్దుచేసెను. అంతకుముందే, 1948లో, కనీస వేతనముల చట్టము వచ్చెను. మనుష్యునిచేత పాకీపని చేయించుటను నిషేధించుచు 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టములు చేయబడెను. చట్టము కూలిని నిర్ణయింపగలదు, నేరమును శిక్షింపగలదు. పనిమనిషిని ఆమె యనవలెనో అది యనవలెనో మాత్రము ఏ చట్టమును నేర్పజాలదు. అది ఇంటిలో నేర్చు పాఠము.

ఆయన బడి తెఱచిన ఇసామియా బజారు మనకు దూరము కాదు. ఆ దాపున ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో మెట్రో రైలెక్కినవారు బండి మాఱనక్కఱలేకయే పంజాగుట్ట మీదుగా అమీరుపేట చేరుదురు. ఈ రెండు పేటలలో ఒక దినము కన్నులు తెఱచి నడిచిన చాలును. తెల్లవాఱకమునుపే వీధి యూడ్చువారు పని ముగించుచుందురు. కంప్యూటరు చదువులకై జిల్లాలనుండి వచ్చిన యువకులు నిద్రలేచునప్పటికి హాస్టళ్ళలో వంటవారు పొయ్యి వెలిగించియుందురు. నిమ్స్ ఆసుపత్రిలో ఆయాలు రోగుల పక్కలు మార్చుచుందురు. దుకాణముల వాకిట కాపలావారు దినమెల్ల నిలిచియుందురు. బహుళాంతస్తుల భవనముల క్రింద ఇఱుకుగదిలో వాచ్‌మను కాపురముండును; అతని భార్య పై యంతస్తులలో అంట్లు తోమును. భోజనపు సంచిని వీపున వైచికొని మోటారుసైకిలుపై యువకులు పరుగిడుచుందురు.

వీరి పేరులు ఇప్పుడు గొప్పవైనవి. ఊడ్చువాడు పారిశుద్ధ్య కార్మికుడు. బంట్రోతు ఆఫీసు అసిస్టెంటు. అన్నము తెచ్చు యువకుడు కంపెనీవారికి పార్ట్‌నర్, అనగా భాగస్వామి. అయినను ఆ భాగస్వామి కొన్ని భవనములలో ఇంటివారి లిఫ్టు ఎక్కరాదు. కొన్ని యిండ్లలో పనిమనిషికి టీ యిచ్చు గ్లాసు నేటికిని వేఱుగా బోర్లించబడియున్నది. హాస్టలులో వంటవానిని కసరు యువకుని తండ్రియే ఊరిలో కూలిపనికి పోవుచుండవచ్చును. కొడుకునకు ఆ సంగతి నలుగురిలో చెప్పుట చిన్నతనము. తండ్రి పనిని దాచువాడు పరుని పనిని ఎట్లు గౌరవించును?

విద్యార్థులారా, భాగ్యరెడ్డివర్మ స్థాపించినవంటి సంఘములు స్థాపించుట మనలో అందఱకు సాధ్యము కాదు. ఆయన మొదలుపెట్టినచోట మొదలుపెట్టుట మాత్రము అందఱకును సాధ్యమే. మీ యింటికి వచ్చి పనిచేయు ఆమె పూర్తి పేరు మీకు తెలియునా? మీ భవనపు కాపరి స్వగ్రామమేది? మీ బడి గంట కొట్టునతనిని, తరగతిగదులు ఊడ్చునామెను మీరు ఏ వచనముతో పిలుచుచున్నారు? వయస్సున పెద్దవారిని మీరు అనుట వ్యాకరణము నేర్పిన మర్యాదయే గదా. జీతము తక్కువైనంతనే ఆ నియమమునకు అపవాదము కలుగదు. వచ్చినవారిని కూర్చుండుమని చెప్పుటకు ధనము కావలదు. నెల మొదటి తేదీన కూలిని చేతికిచ్చునప్పుడు విసరక, బేరమాడక ఇచ్చుట పెద్దలకు మీరు గుర్తుచేయదగిన ధర్మము. ఈ కొద్దిపాటిని చేయుటకు ఏ ప్రభుత్వపు టుత్తరవు కొఱకును ఎదురుచూడనక్కఱలేదు. రేపు ఉదయమున ఎదురుపడు మొదటి పనివానితోనే మొదలుపెట్టవచ్చును.